ఊలు పిన్ని రెండు రంగుల పువ్వు

నిజంగా పూసిన పువ్వును పట్టుకుని ఊలుతో అల్లిందన్నారు. అంతటితో ఆగినా పోయేది. అల్లినదాన్ని పూసిందని చెప్పి నలుగురినీ మోసం చేసిందన్నారు. "అయ్యో, కాదండీ" అని ఆమె ఇంకా టైపు చేస్తుండగానే గ్రూపులోంచి పీకేశారు. సగం రాసిన ఆ మాట ఎటూ పోలేక ఫోన్లోనే ఉండిపోయింది. వెనకటికి ఒక మనిషిని వెళ్ళగొట్టాలంటే కనీసం తలుపు దాకా నడిచి వచ్చేవారు. ఇప్పుడు ఆ మర్యాద కూడా లేదు, బొటనవేలు కదిపితే చాలు.

గ్రూపులో ఆమె పేరు ఊలు పిన్ని. బయట ఆమెకి పేరు పెట్టి పిలిచే అవసరం ఎవరికీ పడలేదు. ఒక డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో ఆల్టరేషన్ పని చేస్తుంది. ప్యాంట్ల పొడుగు తగ్గించడం, తెగిన జిప్పులు మార్చడం, ఊడిన లైనింగు అతకడం. ముందు గదిలో అద్దాల తలుపు, పూలకుండీ, నవ్వు మొహంతో కౌంటరు. వెనక గదికి కిటికీ కూడా లేదు. ఒక ట్యూబులైటు, ఒక మిషను, గోడ అవతల రోజంతా బుసలు కొట్టే ఆవిరి ఇస్త్రీ. బట్టలిచ్చేవాళ్ళు "లోపలావిడకి చెప్పండి, అర అంగుళం తగ్గించమని" అంటారు. ఊళ్ళో సగం మంది కాళ్ళ పొడుగు లోపలావిడకి తెలుసు. వాళ్ళ మొహాలు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

గ్రూపులో కూడా ఆమెకి ఎవరి మొహాలూ తెలియవు. కానీ అక్కడి సంగతి వేరు. ఆ గ్రూపు పేరు "మట్టీ దారమూ". సగం మంది మొక్కలు పెంచేవాళ్ళు, సగం మంది అల్లికలూ కుట్లూ బొమ్మలూ చేసేవాళ్ళు. మొక్కల వాళ్ళ దృష్టిలో అల్లికల వాళ్ళు పని లేనివాళ్ళు. అల్లికల వాళ్ళ దృష్టిలో మొక్కల వాళ్ళు ఆకు పచ్చగా ఉందని చెప్పడానికి పది ఫోటోలు పెట్టేవాళ్ళు. ఊలు పిన్ని రెండు జట్ల మనిషి. ఇంట్లో బట్టలు ఆరేసే ఇరుకు బాల్కనీలో పెయింటు డబ్బాల్లో, చిల్లుపడ్డ బకెట్టులో మొక్కలు పెంచింది. చలికాలం వస్తే ఆ డబ్బాలకి ఊలు తొడుగులు అల్లింది.

ఆమె భర్త లిఫ్టుల మెకానిక్కు. తడి తువ్వాలు పట్టుకుని బాల్కనీ గుమ్మంలో నిలబడి, "ఈ అడవిలోకి నన్ను ఒంటరిగా పంపకే, తిరిగి రాకపోతే వెతకడానికి మనిషిని పెట్టు" అనేవాడు.

"మీరు రోజూ దిగే ఆ లిఫ్టు గుంత కంటే నయమేలెండి. ఇక్కడ కనీసం గాలి ఉంది" అనేది ఆమె.

గ్రూపులో ఆమెకి ప్రాణం కుండల అక్క. వేరే ఊళ్ళో ఉంటుంది, మట్టి కుండీల మీద రంగులు వేస్తుంది. వయసులో ఇద్దరూ ఒక ఈడువాళ్ళే. కానీ లోకానికి ఒకరు పిన్ని, ఇంకొకరు అక్క. "నేను నిన్ను పిన్నీ అంటాను, నువ్వు నన్ను అక్కా అంటావు. అక్క కూతురుగా నేను నీకు దండం పెట్టాలా, చెల్లెలుగా నువ్వు నాకు పెట్టాలా?" అని కుండల అక్క ఓసారి వాయిస్ మెసేజ్ పెడితే, గ్రూపంతా రెండు రోజులు వరసలు కలుపుతూ కూర్చుంది. తేలలేదు. కుండల అక్క మెసేజ్ ఒక్కటి వింటే రెండు ప్యాంట్లు పూర్తయ్యేవి. ఆ గొంతు వింటూ ఊలు పిన్ని ఆమెను నిలువెత్తు మనిషిగా, ద్వారబంధం పట్టనంత మనిషిగా ఊహించుకుంది. కిటికీ లేని గదికి ఆ ఫోనే కిటికీ.

గ్రూపు నడిపేది డ్రిల్ మాస్టారు. బళ్ళో పిల్లల చేత చేతులు పైకీ కిందకీ ఎత్తించి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా ఈల పోలేదు. ఎవరైనా గ్రూపులో గుడ్ మార్నింగ్ పెడితే ఈల ఊదిన శబ్దం రికార్డు చేసి పెట్టేవాడు. కొందరి చేతికి చిన్న అధికారం అందితే వాళ్ళు దానికి యూనిఫాం కుట్టించుకుంటారు. ఆయన ఆ కోవ. అయితే ఉన్న మాట చెప్పుకోవాలి. ఎవరి మొక్క వాడిపోయినా అందరికంటే ముందు పలికేదీ ఆయనే. ఆకు ఫోటో చూసి, వేరు సంగతి కూడా చెప్పాలని తాపత్రయపడేవాడు.

ఆ తాపత్రయమే కొంప ముంచింది. ఊలు పిన్ని ఒకసారి సరదా పుట్టి ఊలుతో ఒక వంకాయ అల్లింది. దానికొక పుచ్చు కన్నం, కన్నంలోంచి తొంగిచూసే తెల్ల ఊలు పురుగు. దాన్ని బాల్కనీలోని వంగమొక్కకి కట్టి, కాస్త దూరం నుంచి ఫోటో తీసి, "ఏం చేయమంటారు?" అని గ్రూపులో అడిగింది. డ్రిల్ మాస్టారు వెంటనే అందుకున్నాడు. అది కాయ తొలిచే పురుగనీ, చూస్తూ ఊరుకుంటే తోటంతా పోతుందనీ, సబ్బునీళ్ళు కొట్టాలనీ, పొద్దున్నే కొట్టాలనీ, ఆకు కింద కూడా కొట్టాలనీ ఆవేశంగా చెప్పాడు. మర్నాడు ఊలు పిన్ని వంకాయ పొట్ట విప్పి, లోపలి దూది చూపిస్తూ ఇంకో ఫోటో పెట్టింది. "సబ్బునీళ్ళు కొట్టాను మాస్టారూ. పురుగు పోలేదు గానీ తెల్లగా తేలింది" అని రాసింది.

గ్రూపు పడీపడీ నవ్వింది. మాస్టారు కూడా నవ్వు బొమ్మ ఒకటి పెట్టాడు. కానీ ఆ తర్వాత ఎవరు ఏ జబ్బు గురించి అడిగినా, ఎవడో ఒకడు "సబ్బునీళ్ళు" అనేవాడు. జీవితమంతా నలుగురిని వరసలో నిలబెట్టిన మనిషిని వరసలో నిలబెట్టి నవ్వితే ఎలా ఉంటుంది? ఆయన మనసులో అది ముల్లులా ఉండిపోయింది.

అలాంటి సమయంలో పూసింది ఆ పువ్వు.

కోడిజుట్టు పువ్వు. విత్తనాలు కుండల అక్కే పంపింది. మామూలుగా ఎర్రగానో పసుప్పచ్చగానో పూస్తుంది. ముట్టుకుంటే మఖమల్లు, మడతలు మడతలుగా అచ్చం కోడిపుంజు తలమీద జుట్టు. ఊలు పిన్ని పెయింటు డబ్బాలో పూసింది మాత్రం సగం ఎరుపు, సగం పసుపు. కత్తిరించి అతికినట్టు సరిగ్గా మధ్యన గీత. ఆమె కుట్టుపని మనిషి కదా, ఆ గీత చూసి "ఇంత నీటుగా నేను కూడా అతకలేను" అనుకుంది. పనికి ఆలస్యమవుతున్నా దాని ముందు నుంచి కదలలేదు. తన చేత్తో చేసింది కాదు, తన డబ్బాలో తనంతట అది వచ్చింది. ఆ సంతోషం పట్టలేక ఫోటో తీసి, ఆ నెల పువ్వుల పోటీకి పెట్టింది.

మొదట ఎవరో "పిన్నీ, ఈసారి మేం మోసపోం" అన్నారు. ఇంకొకరు "ఎరుపు ఊలు అయిపోయి పసుపు అందుకున్నట్టుంది" అన్నారు. అల్లికల వాళ్ళు ఆ మడతలు ఏ కుట్టుతో వేసిందో చర్చ మొదలుపెట్టారు. అది నిజం పువ్వేనని ఆమె చెప్పిన కొద్దీ వాళ్ళు నవ్వారు. అప్పుడు మాస్టారు దిగాడు. సరదా వేరు, పోటీ వేరు అన్నాడు. పోటీలో నకిలీ పెట్టడం క్రమశిక్షణ కాదన్నాడు. ఆపైన జరిగింది మీకు తెలిసిందే.

మర్నాటి నుంచి వెనక గది మళ్ళీ వెనక గది అయింది. ఫోను పలకలేదు. గ్రూపు ఉందన్న అలవాటు కొద్దీ ఆమె చెయ్యి మాటిమాటికీ ఫోను మీదకి పోయి ఖాళీగా తిరిగి వచ్చేది. గోడ అవతల ఇస్త్రీ బుసలు కొడుతూ ఉండేది. ఆమెకి కావలసింది బహుమతి కాదు. ఆ పువ్వు పువ్వేనని వాళ్ళలో ఒక్కరు ఒప్పుకుంటే చాలు. తిట్లయితే మర్చిపోయేది. జీవితంలో ఒక్కసారి పూసిన నిజాన్ని అబద్ధమంటే ఎలా మర్చిపోతుంది?

"వీడియో తీసి పంపవే. నీళ్ళు పోస్తూ, ఆకు తుంచుతూ" అన్నాడు భర్త.

"తుంచి చూపించాలా? పెళ్ళాం బతికే ఉందని చూపించడానికి మీరైతే గిల్లి చూపిస్తారా?"

"గిల్లితే నువ్వు ఊరుకుంటావా? నేను బతికి ఉండను" అని ఆయన తువ్వాలు తీసుకుని అడవిలోకి పోయాడు.

కుండల అక్క మాత్రం వదల్లేదు. గ్రూపు లేకపోతే ఫోనుంది. "చూడు పిన్నీ, ఏడాదికోసారి గ్రూపువాళ్ళు మొక్కల మార్పిడి పెడతారుగా, ఈసారి మీ ఊరి పార్కు పక్క హాల్లోనే. నేను వస్తున్నా. నువ్వూ రా."

"గ్రూపులో ఉన్నవాళ్ళనే రానిస్తారు అక్కా. గుమ్మంలో ఆయనే నిలబడతాడు."

"నిలబడనీ. విత్తనం నేను పంపిందా కాదా? నా మనవరాలి లెక్క ఆ పువ్వు. దాన్ని ఊలు బొమ్మ అంటే నా వంశాన్ని అన్నట్టే. డబ్బాతో సహా పట్టుకురా. నవ్విన నాపచేనే పండుతుంది."

డబ్బాతో సహా అనడం తేలికే. ఆ ఆదివారం పొద్దున ఊలు పిన్ని పెయింటు డబ్బాని ఒళ్ళో పెట్టుకుని సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటావిడ కాసేపు చూసి, ఉండబట్టలేక అడిగింది.

"ఏ రకం ఊలు వాడారండీ?"

"ఊలు కాదండీ. పువ్వు."

"పువ్వేనండీ, కనబడుతోందిగా. ఊలు ఏ రకం అని?"

"నిజం పువ్వండీ. పూసింది."

"చెప్పడం ఇష్టం లేకపోతే లేదని చెప్పచ్చుగా" అని ఆవిడ మొహం తిప్పుకుంది.

ఊలు పిన్నికి అన్ని రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తికాకుండానే బస్సు గట్టిగా బ్రేకు వేసింది. నిలబడ్డ భారీ మనిషొకాయన సంచీతో సహా డబ్బా మీదకి తూలాడు. టప్పుమని చిన్న చప్పుడు. పువ్వు తల వాల్చేసింది. కాడ విరిగి, పై తొక్క పట్టుకుని మాత్రం వేలాడుతోంది.

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. సంచీలో చెయ్యి పెట్టింది. అందులో ఎప్పుడూ ఉండేవి రెండే వస్తువులు. క్రోషే సూది, ఆకుపచ్చ ఊలు ఉండ. విరిగిన చేతికి బద్ద కట్టినట్టు సూదిని కాడకి ఆనించి, చుట్టూ ఊలు బిగించి చుట్టింది. పువ్వు తలెత్తి నిలబడింది. అప్పుడు గాని ఆమెకి తట్టలేదు, ఊలు కాదని నిరూపించడానికి తీసుకెళుతున్న పువ్వుకి తన చేత్తో తనే ఊలు చుట్టిందని.

పక్క సీటావిడ ఇటు తిరిగింది. "చూశారా? నేను ముందే అన్నాను."

హాలు గుమ్మంలో డ్రిల్ మాస్టారు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల ప్యాంటు, సుద్ద పూసిన తెల్ల గుడ్డబూట్లు, మెడలో నిజంగానే ఈల. లోపల ప్లాస్టిక్ కుర్చీలు, బల్లల నిండా నారుమొక్కలు, కుండీలు, అల్లికలు, టీ ఫ్లాస్కులు. ఊలు పిన్ని కాళ్ళు గుమ్మం ముందు ఆగిపోయాయి.

"నేను... ఊలు పిన్నిని."

లోపల తలలన్నీ ఇటు తిరిగాయి. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు గ్రూపులో లేరు కదమ్మా."

"లేనండీ. పువ్వుని చూపించి వెళ్ళిపోతాను."

ఇంతలో లోపల్నుంచి ఆ గొంతు. "పిన్నీ!" నిలువెత్తు మనిషి కోసం ఊలు పిన్ని పైకి చూసింది. మాస్టారు చంక కింద నుంచి ఒక గుప్పెడు మనిషి దూసుకొచ్చి ఆమె నడుం వాటేసుకుంది. "ఏంటలా చూస్తావు? గొంతు మా అమ్మది, ఒళ్ళు మా నాన్నది."

వాళ్ళ పరామర్శలు మాస్టారు పట్టించుకోలేదు. వంగి, కళ్ళజోడు పైకి నెట్టి పువ్వును పరీక్షిస్తున్నాడు. ఆయన మొహం వెలిగింది.

"ఇదిగో! దారం!"

"మాస్టారూ, అది బస్సులో..."

"ఇదిగో కొస కూడా దొరికింది!"

"మాస్టారూ, లాగకండి!"

"ఎందుకు లాగొద్దంటున్నారో నాకు తెలుసు" అన్నాడాయన. అల్లికకి కొస దొరికితే చాలు, లాగుతూ పోతే మొత్తం విడిపోతుందని గ్రూపులో అల్లికల వాళ్ళు చెప్పుకుంటుంటే ఆయన ఎన్నిసార్లు విన్నాడో. అందరూ చూస్తుండగా, అబద్ధాన్ని కుట్టు కుట్టునా విప్పి పారేయాలని, కొస పట్టుకుని బర్రున లాగాడు.

ఊలు వచ్చింది. చుట్టు తర్వాత చుట్టు వచ్చింది. సూది ఖంగుమని నేల మీద పడింది. ఆ తర్వాత పువ్వు నెమ్మదిగా, నిద్ర ముంచుకొచ్చిన పిల్లలా, ఒరిగి ఆయన అరచేతిలో పడింది. విరిగిన చోట తడి ఆయన వేళ్ళకి అంటింది. మడతల్లోంచి నల్లటి విత్తనాలు, నున్నగా మెరుస్తూ, తెల్ల బూట్ల మీద జలజలా రాలాయి.

ఊలు పిన్ని దాన్ని నిలబెట్టి చూపించాలనుకుంది, ఇలా కాదు. ఏదో అనాలని తలెత్తింది. ఎదురుగా మాస్టారు పరాయివాళ్ళ పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పువ్వుని రెండు చేతులా పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాడు. తేలు కుట్టిన దొంగకైనా అంత దిగులు ఉండదు. బంతితో కిటికీ అద్దం పగలగొట్టి దొరికిపోయిన పిల్లాడి మొహం అది. బహుశా ఇంతకాలం ఆయన ఎదుట పిల్లలు నిలబడ్డది ఆ మొహంతోనే.

"మాస్టారూ," అంది ఆమె, "సబ్బునీళ్ళు కొడితే అతుక్కుంటుందంటారా?"

ముందు కుండల అక్క పకపకా నవ్వింది. తర్వాత హాలు హాలంతా నవ్వింది. టీ తాగుతున్నవాళ్ళకి పొలమారింది. ఆ గొడవలో అందరూ పువ్వుని చూడ్డానికి ముందుకు తోసుకొచ్చారు. ఒక్కసారిగా ఈల మోగింది.

"ఎక్కడివాళ్ళు అక్కడే!" అని అరిచాడు మాస్టారు. "ఎవరూ కదలకండి! విత్తనాలు తొక్కేస్తారు!"

జీవితంలో ఆ ఈల ఇంత మంచి పనికి ఎప్పుడూ మోగి ఉండదు. అందరికంటే ముందు ఆయనే తెల్ల ప్యాంటుతో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తర్వాత మొక్కల వాళ్ళు, అల్లికల వాళ్ళు అందరూ నేల మీదకి దిగారు. వేలికొస తడి చేసి, ఒక్కొక్క విత్తనాన్నీ అద్ది తీశారు. బూటు అంచుల్లోవి, నేల పలకల సందుల్లోవి, బల్ల కింద దొర్లిపోయినవి. తలకాయలు తలకాయలు కొట్టుకున్నాయి. కాయితాలు చింపి చిన్న చిన్న పొట్లాలు కట్టి అందరూ పంచుకున్నారు.

బల్ల కింద పక్కపక్కన వెతుకుతుండగా మాస్టారు నేల వైపు చూస్తూ, "తప్పయిందమ్మా" అన్నాడు మెల్లగా.

"ఏంటి మాస్టారూ? వినబడలేదు. ఈల వేసి చెప్పండి."

ఆయన నిజంగానే లేచాడు. నిజంగానే ఈల వేశాడు. "తప్పు నాది. పువ్వు నిజం. మనిషి నిజం. నేను తొందరపడ్డాను" అని అందరికీ వినిపించేలా చెప్పాడు. అధికారం చేసినవాళ్ళు తప్పు ఒప్పుకోవడం లోకంలో మహా అరుదు. అక్కడికక్కడే ఆమెను గ్రూపులోకి చేర్చాడు. అంతటితో ఊరుకోక ఆమెని కూడా అడ్మిన్ చేశాడు.

ఊలు పిన్ని ఫోను తీసి ఏదో నొక్కింది. మాస్టారు జేబులో ఫోను ఠింగుమంది. తీసి చూసుకుని ఆయన నోరు తెరిచాడు.

"నన్ను తీసేశారేంటమ్మా?"

"ఊరికే. ఎలా ఉంటుందో తెలియాలి కదండీ."

"ఎంతసేపు?"

"నేను టీ తాగేదాకా."

ఆవిడ ఆ టీ ఎంత నింపాదిగా తాగిందో కుండల అక్క ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. మాస్టారు ఎదురు కుర్చీలో ఫోను ఒళ్ళో పెట్టుకుని, గంట కొట్టేదాకా బయట నిలబెట్టిన పిల్లాడిలా, బుద్ధిగా కూర్చున్నాడు. రెండో బిస్కట్టు కూడా ఆయనే అందించాడు.

ఆ పువ్వు పాడు కాలేదు. కోడిజుట్టు పువ్వు ఎండినా రంగు వదలదు. వెనక గదిలో మిషను పైన మేకుకి తలకిందులుగా వేలాడుతోంది, సగం ఎరుపు, సగం పసుపు. కిటికీ ఉండాల్సిన చోట. దాని కింద ఫోను మళ్ళీ రోజంతా మోగుతూ ఉంటుంది. మరుసటి కాలంలో ఆ విత్తనాలు ఎన్నో ఇళ్ళలో మొలిచాయి. గ్రూపంతా కోడిజుట్లే. అన్నీ ఎరుపో, అన్నీ పసుపో. రెండు రంగులు కలిసింది మళ్ళీ ఎవరికీ పూయలేదు. కుండల అక్కకీ పూయలేదు, ఊలు పిన్నికీ పూయలేదు. అయినా మొగ్గ పెద్దదవుతుంటే అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు, రోజుకో ఫోటో పెట్టుకుంటారు.

డ్రిల్ మాస్టారు ఈ మధ్య షాపుకి వచ్చాడు. కౌంటరు మనిషికి ఇవ్వకుండా, అడ్డు తెర తొలగించుకుని నేరుగా వెనక గదిలోకి వచ్చాడు. ఆ గదిలోకి అలా వచ్చినవాడు ఆయన ఒక్కడే. చేతిలో తెల్ల ప్యాంటు.

"పొడుగు తగ్గించాలమ్మా. ప్యాంటు పెరగలేదు, నేనే తగ్గాను."

ఆమె టేపు తీసి కొలిచింది. ఆయన స్టూలు మీద కూర్చుని మేకుకి వేలాడుతున్న పువ్వు కేసి చాలాసేపు చూశాడు.

"ఈసారి కూడా నాకు ఎర్రవే వచ్చాయి. ఇంకో కుండీలో ఇంకా మొగ్గ విచ్చలేదు. మధ్యన ఏదో చిన్న గీతలా కనబడుతోంది. నా కళ్ళో, నిజమో."

ఊలు పిన్ని నోట్లోని గుండుసూదులు తీసి, ప్యాంటు అంచు మడిచింది.

"రెండు రంగులూ వస్తే మాత్రం గ్రూపులో పెట్టకండి మాస్టారూ" అంది. "ఎవరూ నమ్మరు."